మూడున్నర అడుగులు

నీకేం తెచ్చానో చెబుతాను, చెవులిటు తిప్పు బోర్కా.
ముందు ఈ ఓట్స్ తిను.

సిగ్వర్ట్ కొట్టం ఖాళీ చేస్తున్నారు.
ముసలాయన పోయాక కూతురు
ఇనుమంతా వాకిట్లోకి ఈడ్పించి వరసగా నిలబెట్టింది.
ఒక్కోదానికీ దారంతో కట్టిన అట్టముక్క, దానిమీద ధర.
ఫియర్డు మీంచి సన్నగా వాన.
ఇక్కడ అది వానలో లెక్క కాదు.

మొదట కళ్ళపడింది పెద్దది.
ఎర్రరంగు ఎక్కడా పెచ్చులూడలేదు,
అయిదడుగుల కోతపట్టీ, కీలుకీలుకీ కందెన.
ధర కూడా తక్కువే.
"రెండ్రోజుల్లో నీ వాలంతా కోసేస్తుంది ఓస్‌హిల్"
అన్నాడు ఔదున్.
అతనికి ట్రాక్టరుంది.
ట్రాక్టరున్నవాళ్ళకి
గుర్రాలున్నవాళ్ళ మీద సలహాలకి లోటుండదు.

నేను దాని నొగ చూశాను.
నడిమధ్య నుంచి ఒకటే నొగ,
అటొకటి ఇటొకటి, జంటకోసం చెక్కింది.
ఎడమపక్క నువ్వు.
కుడిపక్క ఎవరో నీకు చెప్పాలా?
సిల్యా పోయిన నవంబరు నుంచి
మంచు కరిగేదాకా
నువ్వు ఆ గోడవైపే పడుకున్నావు.

నొగ తీసేసి పోలుగర్రలు రెండు బిగించుకోవచ్చన్నాడు.
బిగించుకోవచ్చు.
నిరుడు నేను చేసిందదే కదా,
మన పాతదానికి, నిన్నొక్కదాన్నే కట్టి.
నాలుగో వరసకి నీ మూపు మీద వెంట్రుక ఊడింది.
చూశాను.
చూసి, మబ్బు కమ్ముతోందని
ఇంకో రెండు వరసలు తోలాను.
అక్కడిప్పుడు తెల్లవెంట్రుకలు మొలిచాయి.
నువ్వు మరిచిపోయావేమో,
బ్రష్షు మాత్రం రోజూ రాత్రి అక్కడికొచ్చి ఆగుతుంది.

చిన్నది వెనకాల, రేకుల కింద ఉంది.
తుప్పు. ఒక చక్రానికి సొట్ట.
కత్తిపట్టీకి పద్నాలుగు పళ్ళుండాలి, పదకొండున్నాయి.
దాన్ని అటూ ఇటూ ఆడించే కర్రని
సిగ్వర్టే ఎప్పుడో కొత్తగా చెక్కినట్టున్నాడు,
బాడిసె దెబ్బలు ఇంకా కనిపిస్తున్నాయి.
వెడల్పు మూడున్నర అడుగులు.

ఎవరితోనూ అనకు,
కోటు విప్పి పోలుగర్రల మధ్య నేనే నిలబడ్డాను.
తోలుపట్టీ నా మూపుకి వేసుకున్నాను.
పళ్ళచక్రం విడిచి లాగితే కదిలింది.
తగిలించి లాగాను,
వెనకాల కత్తి కటకటలాడింది,
తడిగడ్డి మీద పది అడుగులు,
యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు రెండూ తిట్టుకున్నాయి.
ఔదున్ ఫోను తీసి ఫోటో కొట్టాడు.
సిగ్వర్ట్ కూతురు నవ్వకుండా వచ్చి
రెండో కర్ర పట్టుకోబోయింది.
వద్దన్నాను.
ఒక్కదాన్నే లాగితేగానీ తెలీదు.

నాకు బరువే. నీకు కాదు.
అంతవరకు తేల్చుకున్నాను.

పద్దెనిమిది వంపు పళ్ళ పోగేసే బండి కూడా తీసుకున్నాను,
తేలికది, కాలితో తొక్కితే పళ్ళు లేస్తాయి.
గడ్డి తిరగేసే యంత్రమొకటుంది,
మిడతలా కాళ్ళు ఝాడిస్తూ భలేగా ఉంది.
అది వద్దన్నాను.
పంగలకర్ర ఉంది, చేతులున్నాయి, ఆ పని నాది.

అయిదు రోజులు పడుతుందట, ఔదున్ లెక్క.
పట్టనీ.
ఇక్కడి గడ్డి నేలమీద ఆరదు,
గుంజలు పాతి, తీగలు లాగి,
బట్టలారేసినట్టు పిడికెడు పిడికెడు వేలాడదీయాలి.
రోజుకి నేనెంత ఆరేయగలనో
ఆ మూడున్నర అడుగులు అంతే కోస్తాయి.
మిగతాది నిలబడే ఉంటుంది.
నిలబడ్డ గడ్డి వానకి కుళ్ళదు.

పళ్ళు మూడూ ఫోర్డే పట్టణంలో దొరుకుతాయన్నారు.
తుప్పుకి కిరసనాయిలు పట్టించాను,
చేతులు ఆ వాసనే, అందుకే నువ్వు మొహం తిప్పుకుంటున్నావు.
పోలుగర్రలు నీకు జానెడు పొడుగు అనిపిస్తున్నాయి.
రేపు మధ్యలో నిలబెట్టి కొలిచాకే రంపం తీస్తాను.

అయిపోయాయా ఓట్స్?
సరే, డెక్క ఎత్తు,
నా బూటు మీద ఉంది.